దీక్షలో ఉన్న చేపలు

మా కొత్తరేవులో చేపల్ని చూడాలనుకునేవాళ్లు రెండు చోట్లకి వెళ్లవచ్చు. ఒకటి సంత వీధిలోని చేపల బజారు. అక్కడ చేపలుంటాయి కానీ ఈదవు. రెండోది మునిసిపల్ పార్కులో పురపాలక సంఘం వారు కట్టించిన మత్స్యవిహారం. అక్కడ గోడంత అద్దాల తొట్టె ఉంది, రంగు దీపాలున్నాయి, గులకరాళ్లున్నాయి, నోరు తెరిచినప్పుడల్లా బుడగలు వదిలే ప్లాస్టిక్ మొసలి ఉంది. సుమారు ఒక ఏడాది పాటు చేపలు మాత్రం లేవు. లేకుండా చేసినవాణ్ని నేనే. అందుకు నాకు శాలువా కూడా కప్పారు.

నా పేరు పేరూరి విశ్వపతి. ఊళ్లో ప్రభుత్వ జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతాను. మా ఇంట్లో హాల్లో ఒక చిన్న చేపల తొట్టె ఉంది. చేపల్ని పెంచేది మా ఆవిడ సువర్చల. చేపల గురించి మాట్లాడేది నేను. ఇన్నేళ్ల సంసారంలో ఈ పని విభజన వల్ల మా ఇద్దరికీ గానీ, చేపలకి గానీ ఏ ఇబ్బందీ కలగలేదు.

ఇబ్బంది మత్స్యవిహారంతో మొదలైంది. తెరిచిన కొత్తలో జనం బాగానే వచ్చేవారు. వర్షాకాలంలో కాంట్రాక్టరు పట్నం నుంచి ఇంకొన్ని చేపల్ని తెప్పించి, సంచుల మూతులు విప్పి, ఉన్నవాటిలో గుమ్మరించాడు. వారం తిరిగేసరికి చేపల ఒంటి మీద ఉప్మా రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు లేచాయి. అవి గులకరాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటూ అడ్డదిడ్డంగా తిరగసాగాయి. జనం డాన్సు అనుకుని చప్పట్లు కొట్టారు. ఆ పై వారం చేపలు వెల్లకిలా తేలాయి. బడి పిల్లల్ని వరసలో తీసుకొచ్చిన రోజే తేలడం వల్ల సంగతి పేపర్లకెక్కింది.

కమిషనర్ కొచ్చర్లకోట తారకేశ్వర రావు గారు అత్యవసర సమావేశం పెట్టారు. ఆయన మనిషి సన్నం, భాష లావు. మంచినీళ్లు కావలసి వస్తే "తాగునీటి విషయమై తగు చర్య తీసుకొనవలసినది" అంటారు. సమావేశంలో శానిటరీ ఇన్‌స్పెక్టరు తొట్టెలో బ్లీచింగ్ పౌడరు చల్లిద్దామన్నాడు. ఇంజనీరు పెద్ద మోటారు వేద్దామన్నాడు. జంతుశాస్త్రం వాడు కదా అని నన్ను కూడా పిలిచారు. నేను ఎక్కువసేపు మాట్లాడతానన్న సంగతి పిలిచినవాళ్లకి తెలియదు.

"అది తెల్లమచ్చ తెగులండి," అన్నాను. "కంటికి కనబడనంత చిన్న పురుగు. చేప చర్మం కింద దూరి, మేసి, బలిసి, అడుగుకి రాలిపోతుంది. అక్కడ వందలుగా చీలి, మళ్లీ చేపల్ని వెతుక్కుంటూ ఈదుతుంది. చర్మంలో ఉండగా ఏ మందూ దాన్నేం చెయ్యలేదు. నీళ్లలో ఈదుతున్నప్పుడే చంపాలి. అంచేత కొత్త చేపని తెచ్చిన వెంటనే పాతవాటిలో కలపకూడదు. వేరే తొట్టెలో పెట్టి ఓ నెల కనిపెట్టి చూడాలి. మచ్చ కనబడితే నీళ్లు కాస్త వెచ్చబెట్టి, కల్లుప్పు వేసి, నయమయ్యాక అప్పుడు కలపాలి."

"అనగా క్వారంటైన్," అన్నారు కమిషనర్ గారు.

"ఆయ్. అదేనండి."

ఆ మాట వినగానే గదిలో అందరూ సర్దుకుని కూర్చున్నారు. ఒకరిద్దరు అలవాటు కొద్దీ ఎడంగా జరిగారు.

"ఇంతటి విజ్ఞానము మన పట్టణమున నిరుపయోగముగా పడియున్నది," అన్నారు కమిషనర్ గారు. అప్పటికప్పుడు నన్ను గౌరవ ప్రత్యేకాధికారిగా నియమించారు. పార్కు వెనక ఉన్న స్కేటింగ్ హాలు ఖాళీ చేయించి, తొట్టెలు వేయించి, "ఏకాంత మత్స్య పరిశీలనా విభాగం" అని బోర్డు పెట్టించారు. నాకొక గది ఇచ్చారు. గదిలో వీపు మీద తెల్ల తువ్వాలు పరిచిన కుర్చీ. కాలేజీలో నాది చెక్క కుర్చీ. నన్ను పాడు చేసింది ఆ తువ్వాలే.

నిజానికి ఇంట్లో ఇదే పనికి సువర్చల వాడేది ఒక ప్లాస్టిక్ బకెట్టు. కానీ బకెట్టుకి ప్రత్యేకాధికారి అక్కర్లేదు. అందుకని తువ్వాలుకి వీపు ఆనించి నియమాలు రాశాను. కొత్త చేప నెల రోజులు ఏకాంతంలో ఉండాలి. ఆ నెలలో విభాగంలోకి ఏ ఒక్క చేప కొత్తగా వచ్చి చేరినా, అది ఏం మోసుకొచ్చిందో తెలియదు కనుక, అన్నిటికీ లెక్క మళ్లీ మొదటికి రావాలి. విభాగంలోని వలలు, గొట్టాలు, మనుషులు ఇంకో తొట్టె దగ్గరికి వెళ్లకూడదు. ఇవన్నీ శాస్త్రం ప్రకారం సరైనవే. చిక్కు అక్కడే వచ్చింది. తప్పు నియమాలైతే ఎవరో ఒకరు పట్టుకునేవారు.

కాంట్రాక్టరు చేపల్ని విడతలుగా ఇచ్చేవాడు. రెండు వారాలకో సంచి. సంచి వచ్చినప్పుడల్లా లోపలున్నవాటి నెల మళ్లీ మొదలయ్యేది. కొన్నాళ్లు పోయాక నాకే అనుమానం వచ్చి కమిషనర్ గారి దగ్గరికి వెళ్లాను.

"అన్నీ ఒక్కసారే తెప్పిస్తే బాగుంటుందండి. ఇలా అయితే ఒక్కటీ బయటికి రాదు."

"నిధులు విడతలుగా విడుదలగుచున్నవి. చేపలు మాత్రము ఏకమొత్తముగా ఎట్లు వచ్చును?"

"పోనీ, ఒక్కో విడతకీ ఒక్కో తొట్టె కేటాయించి, దేని లెక్క దానికే..."

"మీ నియమములో 'విభాగము' అని యున్నది. 'తొట్టె' అని లేదు. మీ నియమమును మీరే సడలించినచో ప్రజలు ఏమనుకొందురు?"

ఆయన నా నియమాన్ని నాకంటే ఎక్కువ గౌరవించడం చూసి ఒళ్లు పులకరించింది. తిరిగొచ్చి తువ్వాలుకి వీపు ఆనించాను.

చేపలు లేకపోయినా టిక్కెట్లు ఆగలేదు. టిక్కెట్ల కిటికీ దగ్గర మంగతాయారని ఒకావిడ కూర్చునేది. ఖాళీ తొట్టె చూసి బయటికొచ్చిన జనం తిట్లన్నీ ఆవిడకే. ఆవిడది కాంట్రాక్టు ఉద్యోగం. జనం రావడం మానేస్తే మత్స్యవిహారం మూస్తారు, మూస్తే ఆవిడ ఇంట్లో కూర్చోవాలి. ఒకరోజు తిన్నగా నా గదికి వచ్చింది.

"మేస్టారూ, చేపలేవీ అనడుగుతున్నారండి. ఏం చెప్పమంటారు?"

"క్వారంటైన్‌లో ఉన్నాయని చెప్పమ్మా."

"చెప్పేనండి. మళ్లీ కరోనా వచ్చిందేమోనని టిక్కెట్టు అక్కడే పడేసి పోతన్నారండి బాబూ."

"పోనీ ఇలా చెప్పు. వేరేగా ఉంచాం, నియమాలు పాటిస్తున్నాయి, గడువు తీరాక బయటికొస్తాయి అని."

"అంటే దీక్షలో ఉన్నాయన్న మాటేగాండి?"

ఆ మాట శాస్త్రీయంగా లేదని నాకు నచ్చలేదు. కానీ మర్నాటి నుంచి తిట్లు ఆగిపోయాయి. "చేపలు దీక్షలో ఉన్నాయండి" అని మంగతాయారు చెప్పగానే జనం "అలాగా" అని గొంతు తగ్గించేవారు. చెప్పులు విప్పి లోపలికెళ్లి, ఖాళీ తొట్టెనీ మొసలినీ చూసి, స్కేటింగ్ హాలు వైపు తిరిగి ఓ దండం పెట్టుకుని వెళ్లేవారు. ఒకాయన డజను అరటిపళ్లు తెచ్చి ఎక్కడ పెట్టాలని అడిగాడు. బయటి నుంచి వచ్చినవి కనుక వాటిని కూడా ఏకాంతంలో పెట్టించాను.

చలికాలం వచ్చేసరికి కాంట్రాక్టరు సంచులు పలచబడ్డాయి. ఇంకో వారంలో గడువు తీరి చేపలన్నీ బయటికొస్తాయనగా గప్పీ ఒకటి ఈనింది. గప్పీలు గుడ్లు పెట్టవు, తిన్నగా పిల్లల్నే పెడతాయి. పొద్దున్నే వెళ్లి చూస్తే తొట్టెలో ఆవగింజలకి కళ్లు మొలిచినట్టు పిల్లలు. సంబరపడి కమిషనర్ గారికి ఫోన్ చేశాను. ఆయన సంబరపడలేదు.

"సదరు శిశువులు విభాగములోనికి ఎప్పుడు ప్రవేశించినవి?"

"ప్రవేశించలేదండి, పుట్టాయి."

"నిన్న లేవు. నేడు ఉన్నవి. అనగా కొత్తవి. ఏ మార్గమున వచ్చినవను ప్రసక్తి మీ నియమములో లేదు."

"తల్లి కడుపులోంచి వచ్చినవి కొత్త జబ్బు ఎక్కణ్నుంచి తెస్తాయండి?"

"తల్లి ఎచ్చటినుండి వచ్చినది?"

"పట్నం నుంచి."

"చూచితిరా?" అన్నారు.

లెక్క మళ్లీ మొదటికి వచ్చింది. ఇకముందు ఇలాంటిది జరక్కుండా ఆడవాటినీ మగవాటినీ విడదీయమన్నారు. నడుం పడిపోయేలా వంగి, వలతో ఒక్కొక్కదాన్నీ పట్టి, విడదీసి, చెరో తొట్టెలో వేశాను. అయినా ఆడ తొట్టెలో పురుళ్లు ఆగలేదు. ఈసారి కమిషనర్ గారే స్వయంగా వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని, తొట్టె ముందు నిలబడ్డారు.

"పురుషులు లేని చోట ఈ కాన్పులు ఎట్లు సంభవించుచున్నవి?"

"ఒకసారి మగదానితో కలిస్తే చాలండి, ఆ తరవాత నెలల తరబడి పెడుతూనే ఉంటుంది. దాని స్వభావం అంతే."

"స్వభావముపై మనము చర్య తీసుకొనజాలము. పర్యవేక్షణా లోపముపై తీసుకొనగలము," అని నా వంక చూశారు.

నేను భయపడి, ఆ తొట్టెకి "మగ చేపలకు ప్రవేశం లేదు" అని బోర్డు రాయించి తగిలించాను. తగిలించాక, అది ఎవరు చదవాలో తట్టలేదు. కమిషనర్ గారు మాత్రం చదివి తృప్తిపడ్డారు.

ఒక ఆదివారం సువర్చల టిక్కెట్టు కొనుక్కుని మత్స్యవిహారానికి వచ్చింది. ఖాళీ తొట్టె ముందు చాలాసేపు నిలబడి, "ఏవండీ, మీరు చేపల్ని జబ్బు నుంచి కాపాడుతున్నారా, జనం నుంచి కాపాడుతున్నారా?" అని అడిగింది.

"ఇదంతా శాస్త్రం. నీకు అర్థం కాదులే," అన్నాను. ఆ కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి ఇలాంటి మాటలు నా నోట్లోంచి అనాయాసంగా వస్తున్నాయి.

సాయంత్రం ఇంట్లో తొట్టెలో నేను మేత వెయ్యబోతే ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది. "మీది ఏకాంత విభాగం చెయ్యి కదా. మీ రూలు ప్రకారం ఇంకో తొట్టె దగ్గరికి రాకూడదు. మేత డబ్బా అక్కడ పెట్టి, వెళ్లి సోఫాలో కూర్చోండి." నేను కూర్చున్నాను. శాస్త్రం కాదనలేను కదా. ఆ రోజు నుంచి మా ఇంటి చేపలు నన్ను చూడ్డానికి రావడం మానేశాయి. అద్దం మీద వేలు పెడితే పరుగెత్తుకొచ్చేవి కాస్తా, సువర్చల వైపే తిరిగి ఉండేవి. అది నాకు కాస్త కష్టంగానే ఉండేది. కానీ మర్నాడు పొద్దున్న తువ్వాలుకి వీపు ఆనించగానే మర్చిపోయేవాణ్ని.

ఇంతలో రాజధాని నుంచి అవార్డు కమిటీ వచ్చింది. రాష్ట్రంలోకెల్లా వ్యాధి లేని చేపల ప్రదర్శనశాలని ఎంపిక చెయ్యడం వాళ్ల పని. ముగ్గురు పెద్దమనుషులు ఖాళీ తొట్టె చుట్టూ తిరిగారు. ఒకాయన భూతద్దం పెట్టి నీళ్లు చూశాడు. ఇంకొకాయన మొసలిని కూడా చూశాడు.

"ఈ ఏడాది ఈ తొట్టెలో తెగులు వచ్చిన చేపలెన్ని?" అని అడిగారు.

"ఒక్కటీ లేదండి," అన్నాను.

"చనిపోయినవి?"

"ఒక్కటీ లేదండి."

"అద్భుతం. మిగతా ఊళ్లలో ఎంతో కొంత ఉంది."

"ఇక్కడ అసలు చేపలే లేవు కదండి," అని చెప్పడం నా ధర్మం కనుక మెల్లిగా చెప్పాను.

పెద్దాయన నా భుజం తట్టారు. "అదే కదయ్యా నివారణంటే. అందరూ రోగాన్ని తగ్గించాలని చూశారు. మీరు రోగికే అవకాశం లేకుండా చేశారు."

ఇందులో తప్పేదో ఉందని నాకు తెలుసు. కానీ ఆయన అంటున్నప్పుడు కమిషనర్ గారి కళ్లు చెమర్చాయి. నేను తల వంచుకుని, వినయంగా కనిపించాను.

అవార్డు ఇవ్వడానికి మంత్రిగారు వస్తున్నారని తెలిసింది. ఆయన చేతుల మీదుగానే చేపలకి పెద్ద తొట్టెలో జలప్రవేశం జరిపించాలని కమిషనర్ గారు నిశ్చయించారు. మంత్రిగారి తేదీ ఖరారు కాగానే ఏడాదిగా విడని చిక్కులన్నీ వాటంతట అవే విడిపోయాయి. కాంట్రాక్టరు సంచులు ఆపేశాడు. పుట్టడం వేరు, రావడం వేరు అని కమిషనర్ గారే సెలవిచ్చారు. నెల గడిచింది. నేను ప్రతి చేపనీ దీపం వెలుగులో తిప్పి తిప్పి చూశాను. ఎక్కడా మచ్చ లేదు, రెక్కలు నిగనిగలాడుతున్నాయి. ఎన్ని తెలివితక్కువ పనులు చేసినా, అవన్నీ ఆరోగ్యంగా ఉన్న మాట మాత్రం నిజం.

ఆ రోజు పార్కు నిండా జనం. సన్నాయి మోగుతుండగా చేపల్ని పళ్లేల్లో కాదు గానీ, అంత మర్యాదగానూ, మూత ఉన్న గాజు పాత్రల్లో మోసుకొచ్చి పెద్ద తొట్టెలో వదిలారు. ముందు గోల్డ్‌ఫిష్‌లు బెరుకు బెరుకుగా మూలకి చేరాయి. తరవాత ఏంజెల్ చేపలు తెరచాపల్లా తేలుతూ వచ్చాయి. ఆ వెనక గప్పీలు, పిల్లలతో సహా, గుప్పెడు రంగు కాగితాలు విసిరినట్టు తొట్టెంతా పరుచుకున్నాయి. జనం ఒక్కసారిగా "ఓ" అన్నారు. మంగతాయారు టిక్కెట్ల కిటికీ వదిలేసి వచ్చి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చూస్తోంది. ఇంత అందమైన వాటిని ఇన్నాళ్లు గోడ వెనక దాచినవాడు ఎవడు అనిపించి, నేనే అని గుర్తొచ్చి, కళ్లు తుడుచుకున్నాను.

అప్పుడు మంత్రిగారి పి.ఏ. ఒక పాలిథిన్ సంచి తెచ్చాడు. అందులో అరచెయ్యంత గోల్డ్‌ఫిష్. నెత్తిన ఎర్రటి టోపీ పెట్టుకున్నట్టు బొడిపె. మంత్రిగారింట్లో ముచ్చటగా పెంచుకున్న చేప. ఊరికి తన కానుకగా స్వయంగా తెచ్చారు. జనం చప్పట్లు కొట్టారు.

నేను దగ్గరికెళ్లి చూశాను. చేప రెక్కలు ఒంటికి అంటించుకుని ఉంది. తోక అంచున చక్కెర పలుకులంత తెల్లటి చుక్కలు. అలవాటైన కంటికి ఇంకేమీ అక్కర్లేదు.

మంత్రిగారు సంచి మూతి విప్పుతూ ఆగి, నా వంక చూసి నవ్వారు. "ఏం మేస్టారూ, కలిపేద్దామా? మీరేదో రూలు పెట్టేరంట కదా. అడక్కుండా చేస్తే బాగోదు."

ఆయన నిజంగానే అడిగారు. "వద్దండి, దీన్ని ఓ నెల వేరే ఉంచాలి" అంటే సరిపోయేది. మనిషి మంచివాడు, "సరే" అనేవాడేమో కూడా. ఏడాదిగా అరటిపళ్లని సైతం ఆపినవాణ్ని. నా నియమం పనికొచ్చే ఒకే ఒక్క క్షణం అది. వెనకనుంచి కమిషనర్ గారి చూపు నా వీపుకి తగిలింది. ముందు కెమెరాలు. నా నోరు తెరుచుకుంది.

"తమరి చేతుల మీదుగా కలిసేదానికి పరీక్షలేంటండి!"

జనం గొల్లుమని నవ్వి మళ్లీ చప్పట్లు కొట్టారు. ఎర్ర టోపీ చేప బుడుంగున నీళ్లలో పడింది. నాకు శాలువా కప్పారు. దిగి వస్తుంటే మంగతాయారు అడిగింది, "మేస్టారూ, ఆ చేప దీక్ష చెయ్యక్కర్లేదాండి?" నేను శాలువా సర్దుకుంటున్నట్టు నటించాను.

అవార్డు వచ్చాక కమిషనర్ గారు ఏకాంత విభాగాన్ని ఎత్తేసి, దాన్ని శిక్షణా కేంద్రం చేశారు. చుట్టుపక్కల పురపాలక సంఘాల అధికారులు జట్లుగా వచ్చేవారు. వాళ్లకి చేపల క్వారంటైన్ గురించి పాఠం చెప్పడం నా పని. ఇక్కడ నేను నివారణ గురించి చెబుతుండగా, అక్కడ పెద్ద తొట్టెలో చేపల ఒంటి మీద చుక్కలు లేచాయి.

కమిషనర్ గారి దగ్గరికి పరుగెత్తాను. "తొట్టె మూసేసి వెంటనే వైద్యం మొదలెట్టాలండి. ఆలస్యమైతే ఒక్కటీ మిగలదు."

"వ్యాధిరహిత తొట్టె అని ప్రభుత్వము వారు ధ్రువీకరించియున్నారు. ధ్రువీకరణ అమలులో ఉండగా వ్యాధి ఎట్లు వచ్చును?"

"వచ్చిందండి. కళ్లారా చూశాను."

"వచ్చినచో ఎచ్చటినుండి వచ్చినదను ప్రశ్న కూడా వచ్చును," అన్నారాయన. ఆ మాట మాత్రం నెమ్మదిగా, మామూలు గొంతుతో అన్నారు. "మీకూ నాకూ తెలుసు కదా విశ్వపతి గారూ. ఇంకా నాకు పిల్ల చదువు ఉంది." ఆ వెంటనే సర్దుకుని, "సదరు చుక్కలను అలంకారముగా పరిగణించవలసినది" అన్నారు.

నేను తిరిగొచ్చి పాఠం చెప్పాను. మర్నాడూ చెప్పాను. అంతకంటే ధైర్యం ఉన్నట్టు చెప్పుకోవడం అబద్ధం అవుతుంది. మూడోరోజు క్లాసు మధ్యలో మంగతాయారు గుమ్మంలో నిలబడింది.

"మేస్టారూ, ఓపాలి వచ్చి చూడండి. చేపలు రాళ్లకేసి కొట్టుకుంటన్నాయండి. జనం డాన్సు చేస్తన్నాయని చప్పట్లు కొడతన్నారు. నాకు చూడబుద్ధి కావట్లేదండి."

నా చేతిలో సుద్దముక్క ఉంది. బోర్డు మీద "ముందు జాగ్రత్త" దాకా రాసి ఉంది. దాన్ని అలాగే వదిలేసి అధికారుల వైపు తిరిగాను. "థియరీ అయిపోయింది. ఇప్పుడు ప్రాక్టికల్స్. అందరూ ప్యాంట్లు మడుచుకుని నాతో రండి."

ఒకాయన చెయ్యెత్తాడు. "సార్, ఇది సిలబస్‌లో ఉందాండి?"

"సర్టిఫికెట్టు దీన్నిబట్టే ఇస్తారు," అన్నాను.

అంతే, అందరూ లేచారు. నేను సువర్చలకి ఫోన్ చేసి, హీటర్లు కావాలి, కల్లుప్పు కావాలి, నువ్వు కూడా కావాలి అన్నాను. ఆవిడ ఊళ్లో చేపల తొట్టెల సామాను అమ్మే రెండు దుకాణాల్లోని హీటర్లన్నీ ఊడ్చి, ఆటోలో ఉప్పు బస్తా వేసుకుని వచ్చింది. దిగుతూనే పవిట బిగించి, "ముందు ఆ గులకరాళ్లు తీయించండి. పురుగులన్నీ వాటి కిందే ఉంటాయి" అంది. నియమాలు రాసినప్పుడు నేను ఆవిడని ఒక్క మాట అడిగి ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది. నలుగురు మునిసిపల్ అధికారులు నిచ్చెనెక్కి తొట్టెలో చేతులు పెట్టారు. ఇద్దరు గొట్టాలతో అడుగు నీళ్లు లాగారు. ఫైళ్లు తప్ప ఏమీ మొయ్యని ఒక మేనేజరు గారు బకెట్లతో ఉప్పునీళ్లు మోసి, ఆయాసపడుతూ, "ఇంత మంచి ట్రైనింగు ఎప్పుడూ అవలేదండి" అన్నాడు.

మంగతాయారు తాళం చేతిలో పట్టుకుని నిలబడింది. "మూసేస్తే నా ఉద్యోగం పోద్దాండి?"

"తాళం నేను వేశానని చెప్పు," అని తీసుకుని నా చేత్తోనే వేశాను.

మూడు వారాలు మత్స్యవిహారం మూతపడింది. సువర్చల, నేనూ రోజూ పొద్దున్నే వెళ్లి అడుగు నీళ్లు తీసి, కొత్త నీళ్లు పోసి, ఉప్పు సరిచూసేవాళ్లం. ఏంజెల్ చేపలు సగం పైగా పోయాయి. గప్పీ పిల్లలు చాలా పోయాయి. ఒక్కొక్కదాన్నీ వలతో తీస్తున్నప్పుడు, "తమరి చేతుల మీదుగా" అన్న నా గొంతు నాకే వినపడేది. ఒకరోజు సువర్చల చచ్చిపోయిన చేపని నా చేతిలోంచి తీసుకుంటూ, "మిగతావి తింటున్నాయి చూడండి" అంది. నిజమే, తింటున్నాయి. చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి.

కమిషనర్ గారు కబురు పెట్టారు. అవార్డు వచ్చిన తొట్టెని అనుమతి లేకుండా మూసి, అందులోని చేపలకి అనుమతి లేకుండా వైద్యం చేసినవారిపై విచారణ జరపాలి. మత్స్య విషయాల్లో విచారణ జరిపే అధికారం నియమాల ప్రకారం ప్రత్యేకాధికారిది. ఆ నియమం కూడా నేను రాసిందే.

"అంటే నన్ను నేనే విచారించుకోవాలాండి?"

"నిష్పక్షపాతముగా," అన్నారు.

గది తలుపు వేసుకుని విచారణ జరిపాను. తువ్వాలు కుర్చీలో కూర్చుని ప్రశ్న అడిగి, లేచి వచ్చి ఎదుటి స్టూలు మీద కూర్చుని జవాబు చెప్పాను. తలుపు మూశావా? మూశాను. అనుమతి ఉందా? లేదు. చేపల్ని బతికించావా? కొన్నిటిని. వ్యాధి ఎక్కడినుంచి వచ్చింది? ఈ ప్రశ్న దగ్గర విచారించేవాడూ, విచారణకి గురైనవాడూ ఇద్దరూ కాసేపు కిటికీలోంచి బయటికి చూశారు. చివరికి, పరీక్ష లేకుండా చేపని కలపవచ్చునని ప్రత్యేకాధికారి చెప్పిన మాట వల్ల వచ్చింది అని రాశాను. అందులో అక్షరం అబద్ధం లేదు. పైగా భద్రం కూడా. నా ధైర్యం కొలత సరిగ్గా అంతే. నన్ను తొలగించాలని నేనే సిఫారసు చేశాను. కమిషనర్ గారు చదివి, పెద్ద నిట్టూర్పు విడిచి, లేచి నిలబడి నాకు చెయ్యి కలిపారు. మంగతాయారు ఉద్యోగానికేమీ కాలేదు.

తిరిగి కాలేజీలో చెక్క కుర్చీకి వెళ్లాను. నా చేతుల మీద నిషేధం ఎత్తేశానని సువర్చల ఆ సాయంత్రమే ప్రకటించింది. కొన్నాళ్లకి ఆదివారం పూట ఇద్దరం టిక్కెట్లు కొనుక్కుని మత్స్యవిహారానికి వెళ్లాం. తొట్టెలో చేపలు ఉన్నాయి, ఈదుతున్నాయి. జనం మాత్రం ఎడమ పక్కనే గుమిగూడి ఉన్నారు. అక్కడ అద్దం మీద ఇత్తడి రేకు బిగించి, "గౌరవనీయుల కానుక" అని చెక్కించారు. ఎర్ర టోపీ చేప దాని వెనకే, ఎవరికోసమూ తొందరపడకుండా, అటూ ఇటూ తిరుగుతోంది. ఒక ముసలాయన మనవరాలిని ఎత్తి చూపిస్తూ, "అదిగో, అంత జబ్బొచ్చినా దానికేం కాలేదంట. జాతకం అది" అంటున్నాడు.

"ఇదేనా?" అంది సువర్చల.

"ఇదే."

"బాగా ఒళ్లు చేసింది."

అది అద్దం దగ్గరికొచ్చి నా ముఖం ఎదురుగా ఆగింది. నేను వంగి, పాత అలవాటు కొద్దీ, తోక నుంచి టోపీ దాకా జాగ్రత్తగా చూశాను. ఎంత వెతికినా దాని మీద ఒక్క మచ్చ కూడా కనబడలేదు.